పటం గీసిన ఇంగ్లీషు అక్షరమాల

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎన్నడూ చూడని కథకుడెవరో బండ్ల నంబర్ ప్లేట్లు ముందేసుకుని ఆ రాష్ట్రానికి పటం గీశాడనుకుందాం. ఏపీ 01 ఆదిలాబాద్, ఏపీ 02 అనంతపురం. అంటే పెన్‌గంగ జిల్లాకూ పెన్నా జిల్లాకూ ఒకటే పొలిమేర! తూర్పు గోదావరి 05, పశ్చిమ గోదావరి 37. నడుమ ఉన్నది నది అయ్యుండదు, సముద్రమే. పాపం, అతన్ని తప్పుపట్టలేం. జిల్లాలను ఇంగ్లీషు అక్షరక్రమంలో నిలబెట్టి హాజరు తీసుకున్నది మన ఏలినవారే. నెల్లూరు 26, ప్రకాశం 27 పక్కపక్కన పడ్డాయంటే అది భూగోళం చలవ కాదు, ఆ అక్షరమాల దయ. అయినా పొరుగు రాష్ట్రంలో మన అంకె కనబడితే చాలు, 'మనోడే' అని పొంగిపోయాం.

దొంగబండి దొరికితే ఏ ఆఫీసులో వెతకాలో తెలియొద్దా అంటారు పాతకాపులు. రికార్డులు బీరువాల్లో ఉన్నన్నాళ్లూ ఆ మాట నిజమే. ఇప్పుడు నంబరు కొడితే వివరాలు ఫోన్లోనే వస్తున్నాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా ఒకటే ఏపీ 39 ఇచ్చేసింది. దొంగలెవరూ పండగ చేసుకోలేదు. ఫ్రాన్స్‌వాళ్లు మరీ రసికులు. 2009 నాటి కొత్త పద్ధతిలో జిల్లా అంకె ఎత్తేయబోతే ఎంపీలు గోల చేశారు. అంకె మళ్లీ ప్లేటెక్కింది, కానీ ఎవరికి నచ్చిన జిల్లా వాళ్లది. పారిస్ దాటనివాడు కూడా కోర్సికా అంకె తగిలించుకోవచ్చు.

మరి అక్షరాల్లో ఆత్మగౌరవం లేదా? ఉంది. తెలంగాణ ఉద్యమకాలంలో జనం తమంతట తామే టీజీ అని రాసుకున్నారు. 2014లో టీఎస్ ఇచ్చారు, 2024 మార్చిలో టీజీ చేశారు. పాత బండ్ల జోలికి పోలేదు కనుక ఖైరతాబాద్ సిగ్నల్ దగ్గర ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 ఒకే ఎర్రలైటుకు ఆగుతాయి. బండి ఏ గడ్డ బిడ్డో గట్టిగా పట్టించుకునేది మాత్రం పన్ను లెక్కే. బెజవాడలో లైఫ్ ట్యాక్స్ కట్టిన కారు హైదరాబాద్‌లో 12 నెలలు దాటి ఉంటే చట్టం ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి. దానికి ఎన్‌ఓసీ, మళ్లీ ట్యాక్సు, పాత ట్యాక్సు వాపసుకు అర్జీ. ఈ బెడద తప్పించడానికి 2021లో భారత్ సిరీస్ తెచ్చారు. అది ప్రభుత్వ ఉద్యోగులకూ, నాలుగు రాష్ట్రాల్లోనో అంతకు మించో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకూ. కొండాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్లు కట్టే శ్రీకాకుళం మేస్త్రీ బైకు దాకా భారతదేశం ఇంకా రాలేదు.