అత్త సొమ్ము, అల్లుడి అప్‌గ్రేడ్

కేంద్ర ప్రభుత్వంలో లెవెల్ 13 డైరెక్టరు గారు ఆఫీసు పని మీద విమానం ఎక్కితే ఎకానమీలోనే కూర్చోవాలి. లెవెల్ 14కి చేరాకే బిజినెస్ క్లాసు. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి ఎన్ని ఫైళ్లు కదలాలో, ఎందరు మంత్రులు మారాలో, నెత్తిన ఎంత జుట్టు రాలాలో సర్వీసులో ఉన్నవాళ్లకి తెలుసు. ఆయనకి సలహాలివ్వడానికి వచ్చే కన్సల్టెంటుకి ఈ బాదరబందీ ఏమీ లేదు. ఇరవయ్యారేళ్ల కుర్రాడు. రెండో వరుసలో కిటికీ పక్కన, చేతిలో నిమ్మరసం గ్లాసు, ఒళ్లో లాప్‌టాప్. డైరెక్టరు గారు బ్యాగు భుజాన వేసుకుని ఇరవై మూడో వరుసకి నడుస్తుంటే కూర్చున్నచోటి నుంచే ‘గుడ్ మార్నింగ్ సార్’ అంటాడు. లాప్‌టాప్‌లో ఉన్నది ఆ శాఖ ప్రయాణ ఖర్చులు ఎలా తగ్గించుకోవాలో చెప్పే ప్రజెంటేషను. వాడి టికెట్టు కూడా చివరికి ఆ శాఖ పద్దులోనే పడుతుంది. ఆ అంకె మాత్రం ఏ స్లయిడులోనూ కనబడదు.

వాడక్కడ ఎలా కూర్చున్నాడు? సొంత డబ్బుతో కాదు, ఆ మాత్రం మీకూ తెలుసు. కంపెనీ డబ్బుతో కూడా కాకపోవచ్చు. చాలా కన్సల్టింగు కంపెనీలు చిన్న ప్రయాణాలకి ఎకానమీ టికెట్టే ఇస్తాయి. ఇన్ని గంటలు దాటితేనే బిజినెస్ అని గీత గీస్తాయి. (గీతకి అరగంట తక్కువైన ప్రయాణాన్ని మధ్యలో ఎక్కడో ఫ్లైటు మార్చి గీత దాటించడం ఈ వృత్తిలో మొదటి ఏడాదే అబ్బే విద్య.) మిగతాదంతా అప్‌గ్రేడు మహిమ. అప్‌గ్రేడు రావాలంటే కార్డుకి రంగు ఉండాలి: వెండి, బంగారం, ప్లాటినం, వజ్రం. రంగు రావాలంటే తిరగాలి. తిరగాలంటే పంపేవాడు కావాలి. క్లయింటు ఉన్నది అందుకే.

అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో, ఎక్కినకొద్దీ జమయ్యే మైళ్ల ఖాతా మొదలుపెట్టింది. అందులోని తెలివంతా ఒక్కచోటే ఉంది. టికెట్టు కొనేది ఆఫీసు, బహుమతి ఎక్కినవాడికి. మన ఇంటికి రంగులు వేయించేటప్పుడు చూడలేదూ? ఇల్లు మనది, డబ్బు మనది, డబ్బాలోని టోకెను పెయింటరుది. మన గోడకి ఏ కంపెనీ రంగు నప్పుతుందో పెయింటరు అంత గట్టిగా ఎందుకు చెబుతాడో అప్పుడు అర్థమవుతుంది. కాకపోతే పెయింటరు ఆ టోకెను జేబులో వేసుకుంటాడు, బ్యాగుకి తగిలించుకుని ఊరేగడు.

జర్మనీవాళ్లు దీన్ని మరీ సీరియస్‌గా తీసుకున్నారు. 2002లో బెర్లిన్ నగర ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాల శాఖ చూసే గ్రెగోర్ గీజీ, ఎంపీగా ఉన్నప్పుడు అధికారిక ప్రయాణాల్లో వచ్చిన మైళ్లని సొంతానికి వాడుకున్నందుకు పదవికి రాజీనామా చేసేశాడు. రాజకీయ నాయకుడై ఉండి మైళ్ల కోసం రాజీనామా! మన దగ్గర చెబితే పాపం ఆ దేశంలో వేరే కుంభకోణాలు దొరకలేదేమో అని జాలిపడతారు. మన కేంద్ర ప్రభుత్వ నిబంధనా గట్టిదే. సర్కారు టికెట్టు మీద వచ్చిన మైళ్లు సర్కారు ప్రయాణాలకే వాడాలి. అమెరికా మాత్రం 2001 చివర్లో చట్టం చేసి తన ఉద్యోగుల్ని ఈ ధర్మసంకటం నుంచి తప్పించింది: మీ మైళ్లు మీవే, ఉంచుకోండి. కన్సల్టెంట్లకి అలాంటి చట్టం అవసరమే రాలేదు. వాళ్లని ఎవరూ అడగలేదు.

అమెరికాలో మనవాళ్ల సంగతికి వద్దాం. డాలస్‌లో ఇల్లు, మినియాపోలిస్‌లో క్లయింటు. సోమవారం తెల్లవారుజామున ఫ్లైటు, గురువారం రాత్రి తిరుగు ఫ్లైటు, శుక్రవారం పైజమాతో కాల్స్. ఒకప్పుడు దూరాన్ని బట్టి మైళ్లు వచ్చేవి కాబట్టి, నేరుగా వెళ్లే ఫ్లైటు వదిలేసి షార్లెట్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవాళ్లు. డెల్టా, యునైటెడ్ 2015లో, అమెరికన్ 2016లో లెక్క మార్చి, ఎంత దూరం కాదు, ఎంత ఖర్చు అన్నాయి. అప్పటినుంచి ఖరీదైన టికెట్టే మంచి టికెట్టు. మీటింగు తేదీ చివరి నిమిషం దాకా ఖరారు కాకపోవడం వెనక క్లయింటు సోమరితనమే ఉందని నేను అనుకోను.

అసలు నాటకమంతా గేటు దగ్గర. అమెరికన్‌లో పై మెట్టు సభ్యుడికి వంద గంటల ముందు నుంచే అప్‌గ్రేడ్లు తెరుచుకుంటాయి, తర్వాతివాడికి 72, ఆ తర్వాత 48, అట్టడుగు బంగారానికి 24. మిగిలిపోయినవాళ్ల పేర్లు గేటు దగ్గర తెర మీద వరసగా వేస్తారు. ఇంటిపేరులో మొదటి మూడక్షరాలు, పేరులో మొదటి అక్షరం, అంతే. డాలస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లే సోమవారం ఫ్లైటు తెర చూడండి. రెడ్-ఎస్, రావ్-కె, రెడ్-వి, చౌ-పి, మళ్లీ రెడ్-ఎస్. సీట్లు రెండు, జాబితాలో నలభై మంది. మొదటి రెడ్-ఎస్ పక్కన పచ్చటి టిక్కు పడుతుంది. ఇద్దరు మనుషులు ఒకేసారి లేస్తారు. ఒకరినొకరు చూసుకుంటారు. ఇద్దరిదీ కడప జిల్లానే అయినా ఆ క్షణంలో పలకరించుకోరు. పాస్‌పోర్టులో పేరూ ఇంటిపేరూ విడదీయని పాపానికి వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడ్డవాడు ఇంకో మూల నిలబడి, తెర మీద ఎఫ్ అంటే తనేనని ఎవరికి చెప్పుకోవాలా అని ఆలోచిస్తుంటాడు.

ఇక ఎక్కడం. తొమ్మిది గ్రూపులు. మన ఊళ్లో బంతి భోజనాల్లో ఎవరు ముందు కూర్చోవాలన్న గొడవలు తప్పించుకోవడానికి అంత దూరం వెళ్లినవాడు, తన గ్రూపు నంబరు పిలవక ముందే లేచి దారికి అడ్డంగా నిలబడతాడు. 2024 నుంచి అమెరికన్ చాలా విమానాశ్రయాల్లో కొత్త ఏర్పాటు చేసింది. వంతు రాకుండా వరుసలో దూరితే యంత్రం పదిమందీ వినేలా కూత పెడుతుంది. మనువుకి ఈ ఆలోచన తట్టలేదు.

ఇంత తపస్సు చేసినా ముందు సీటు దొరకడం ఈమధ్య కష్టమైపోయింది. కారణం, ఎయిర్‌లైన్సువాళ్లకి ఆలస్యంగానైనా జ్ఞానోదయమై ఆ సీట్లని అమ్మడం మొదలుపెట్టారు. డెల్టాలో ఒకప్పుడు ముందు సీట్లకి డబ్బిచ్చేవాళ్లు బహు కొద్దిమంది; ఇప్పుడు నాలుగింట దాదాపు మూడు వంతులు అమ్ముడుపోతున్నాయి. వజ్రం కార్డువాడు వెనక్కి నడుస్తుంటే, ఏ కార్డూ లేని కాలేజీ పిల్ల ఫోనులో నాలుగు డబ్బులు కట్టి ముందు కూర్చుంటోంది. అయినా వీళ్లు కార్డు వదలరు, ఎయిర్‌లైన్సూ వీళ్లని వదలవు. కరోనా కాలంలో విమానాలన్నీ నేలమీద కూర్చున్నప్పుడు యునైటెడ్ తన మైళ్ల పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. అమెరికన్ 1000 కోట్లు తెచ్చింది. డెల్టాకి అమెరికన్ ఎక్స్‌ప్రెస్ క్రెడిట్ కార్డుల మీద ఒక్క 2024లోనే 740 కోట్ల డాలర్లు వచ్చాయి. పటేల్ బ్రదర్స్ కొట్లో కందిపప్పు కూడా ఆ కార్డు మీదే కొంటున్నారు మరి. క్రెడిట్ కార్డుల వ్యాపారం చేసుకునేవాళ్లు పక్కన సరదాకి నాలుగు విమానాలు కూడా నడుపుతున్నారనుకోవాలి.

మన దేశంలో ఈ వైభవం ఇంకా పసితనంలోనే ఉంది. పై తరగతి ఉన్న ఎయిర్‌లైన్సుల్లో కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో ఎగరడం మానేశాయి. 2006 నుంచి అందరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టిన ఇండిగోకి కూడా 2024 నవంబరులో ముందు వరుసల మీద ప్రేమ పుట్టింది. 2025 సెప్టెంబరు నుంచి ఎకానమీ టికెట్టు మీద జీఎస్టీ 5 శాతం, పై తరగతుల మీద 18. ఎవరి బిల్లులోకో వెళ్లే 18 శాతం గురించి కన్సల్టెంట్లెవరూ ధర్నా చేసినట్టు నేను వినలేదు.

ఇన్ని లక్షల మైళ్లు పోగేసి ఏం చేస్తారయ్యా అంటే, మనవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒక్కటే. అమ్మానాన్నల్ని బిజినెస్ క్లాసులో తీసుకొస్తాం. మాటలో మోసం లేదు. కాకపోతే కోడలి పురుడు తేదీ ఎయిర్‌లైన్సువాళ్ల క్యాలెండరు చూసుకుని రాదు. మైళ్లతో ఇచ్చే సీట్లు ఎవరూ ప్రయాణం చేయని రోజుల్లో ఖాళీగా ఉంటాయి. పైగా ఒక సీటుకి ఇన్ని మైళ్లు అని రాసిపెట్టే పట్టికని డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో తీసేశాయి. ఆ రోజు సైటు ఎంత చెబితే అంత. చివరికి అమ్మ ఎకానమీలోనే వస్తుంది, దోహాలో దారి తప్పకుండా వీల్‌చెయిర్ అడిగి. మోకాళ్లు శుభ్రంగానే ఉంటాయి. ప్లాటినాలూ వజ్రాలూ చూస్తుండగా ఆ కుర్చీ అందరికంటే ముందు విమానంలోకి వెళ్లిపోతుంది. కార్డు లేదు, రంగు లేదు, వంద గంటల నిరీక్షణ లేదు.

సబ్ ట్రెజరీలో రిటైరైన నాన్న మాత్రం వచ్చిన వారానికి, పప్పూ చారూ కలుపుకుంటూ ఈ మైళ్ల వ్యవహారం విడమరిచి అడుగుతాడు.

“టికెట్టు డబ్బులు ఎవరిస్తార్రా?”

“క్లయింటు, నాన్నా.”

“మైళ్లు?”

“నావి.”

“ఆ సంగతి క్లయింటుకి తెలుసా?”

“అందరికీ తెలుసు. అందరూ తీసుకుంటారు.”

“మా క్యాషియరు కూడా ఏసీబీ వాళ్లకి అదే చెప్పాడు. ఆయనవి నోట్లు, వేళ్లకి పౌడరంటుకుంది, చాకలిసోడా నీళ్లలో ముంచితే గులాబీ రంగొచ్చింది. మీకా బెడద లేదు, సంతోషం. కానీ ఒరే, ఇచ్చినవాడే మర్నాడొచ్చి ‘నిన్న నేనిచ్చిన వంద, ఇవాళ్టి నుంచి యాభై’ అనడం మాత్రం మా ఆఫీసులో ఎప్పుడూ జరగలేదురా.”