డినామినేషన్ లేదంట!

మళ్లీ మొదలైంది. కొత్త అపార్ట్‌మెంట్లు లేచిన ప్రతి సందు మొగలోనూ అదే ఫ్లెక్సీ: మాకు డినామినేషన్ లేదు, అందరూ రండి. లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ గోడలన్నీ ఈ ఫంక్షన్ హాలు మెట్ల దగ్గరే కూలిపోయాయట. 1529లో మార్బుర్గ్‌లో ప్రొటెస్టంట్ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ కూర్చుని 14 అంశాల మీద ఒప్పుకుని, ప్రభురాత్రి భోజనపు రొట్టె ద్రాక్షారసాల దగ్గర తెగక లేచిపోయారు. పాపం, వాళ్లకి ఫ్లెక్సీ కొట్టించుకునే తెలివి లేకపోయింది.

గుంటూరు లూథరన్ ఇంట్లో పుట్టి హైదరాబాద్‌లో అద్దెకుంటున్నవాణ్ని. దగ్గర్లో ఒక సంఘం కావాలి. డినామినేషన్ లేదన్నారు కదా అని వెళ్లాను. వందనాలు, టీ, వాట్సాప్ గ్రూపు అన్నీ అయ్యాక అసలు ప్రశ్న వచ్చింది. "బాప్తిస్మం తీసుకున్నారా బ్రదర్?" తీసుకున్నానన్నాను. "ముంచారా, చల్లారా?"

చల్లారు. నాకప్పుడు నెలల వయసు, అభ్యంతరం చెప్పే నోరు లేదు. "అయితే అది బాప్తిస్మం కాదు బ్రదర్, ఉత్త తడి."

బాప్టిస్టులూ ముంచేవాళ్లే. 1878 జులైలో, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందిని ముంచారు. కానీ వాళ్ల పేరులోనే నీళ్లున్నాయి, ఎంత లోతో బోర్డు చూస్తేనే తెలుస్తుంది. ఈ లేని డినామినేషన్‌కి మాత్రం నిలువెత్తు తొట్టి ఉంది, తొట్టి పక్కన సైజులవారీగా తెల్లబట్టలున్నాయి, ఎవరు ముంచాలో, ఏమని ముంచాలో నియమాలున్నాయి.

నాతోపాటు చేరినాయన ఊరి చెరువులో నిండా మునిగొచ్చిన బాప్టిస్టు. ఆయన్నీ మళ్లీ మునగమన్నారు! తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అన్నారట అప్పుడు. యేసు నామం ఒక్కటే పలకాలట. రేపు ఇల్లు మారి ఇంకో "అందరూ రండి"కి వెళ్తే ఇంకో మునక. రక్షణ సంగతేమో గానీ రొంప ఖాయం.

ఇక కమ్మలు, గాజులు తీసేయాలన్న నియమం గురించి ఆడవాళ్లే చెప్పాలి. కులం మాట ఎత్తను. పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం అన్ని సంఘాల సిద్ధాంతమూ ఒకటే.

ఇంతవరకూ నవ్వుకున్నాను. తర్వాత రొట్టె ద్రాక్షారసాలు పంచే బల్ల ఆరాధన వచ్చింది. నా పక్కన ఒక ముసలావిడ. రొట్టె పళ్లెం ఆవిడ ముందాగింది, తెచ్చినాయన వంగి చెవిలో ఏదో అడిగాడు, పళ్లెం దాటిపోయింది. ఆవిడకీ చిన్నప్పుడు చల్లారట. ఆ కాసిని నీళ్లనే నమ్ముకుని మొగుణ్ని పాతిపెట్టింది, పిల్లల్ని పెంచింది. కానుకల సంచి మాత్రం ఆవిడ ముందు ఏ ప్రశ్నా అడగలేదు. సిగ్గుండాలి. ముంచాలన్నది మీ నమ్మకమైతే గేటు మీద రాయండి, ఇష్టమైనవాళ్లు వస్తారు. రమ్మని పిలిచి, కూర్చోబెట్టి, నలుగురిలో పళ్లెం దాటించడం మోసం.

ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు 1947లో సీఎస్‌ఐగా కలవడానికి ముందు దాదాపు మూడు దశాబ్దాలు వాదించుకున్నారు. బిషప్పుల సంగతి తేల్చడానికే ఏళ్లు పట్టింది. విసుగెత్తే పనే, కానీ ఎవరూ తమకి సిద్ధాంతం లేదని బొంకలేదు.

మొన్న ఒక బాప్టిస్టు పాస్టరుగారికి ఫోన్ చేశాను. "సభ్యత్వం కావాలంటే ముంచాల్సిందేనండి. కూర్చుని పాడుకుంటానంటే ఎప్పుడైనా రండి" అన్నారు. నేను మళ్లీ మునగనని చెప్పాను. "సరే, తొమ్మిదిన్నరకి ఆరాధన" అన్నారు. ఈ ఆదివారం అక్కడికే.