టు-లెట్ బోర్డుకు మడి

హైదరాబాద్ ఎయిర్‌పోర్టు చుట్టూ, మామిడిపల్లి నుంచి శంషాబాద్ దాకా టు-లెట్ బోర్డులు మడి కట్టుకుంటున్నాయి. ‘ప్యూర్ వెజ్ ఫ్యామిలీలకు మాత్రమే’ అట. మడి అంటే ఇన్నాళ్లూ ఆరేసిన బట్ట కట్టుకుని, వంట ముగిసేదాకా ఎవరినీ తాకకుండా తన ఒంటిని తానే కట్టడి చేసుకోవడం. ఇప్పుడు ఓనరు కట్టనక్కర్లేదు, అద్దెకొచ్చినవాడు కడతాడు. నిష్ఠ ఒకరిది, నోరు కట్టుకునేది ఇంకొకరు. పుణ్యం మాత్రం ఒకటో తారీఖున అద్దెతోపాటు ఓనరు ఫోన్‌పేలోనే పడుతుంది.

అదీ ఏ నేల మీద? 2014 నాటి కేంద్ర ప్రభుత్వ ఎస్‌ఆర్‌ఎస్ సర్వేలో తెలంగాణలో మాంసాహారులు దాదాపు 99 శాతం, దేశంలోనే మొదటి స్థానం. ఆషాఢంలో బోనమెత్తి పోచమ్మకు కోడినో యాటనో మొక్కుకునే ఊళ్లివి. మటన్ లేకపోతే దావత్ అనడానికే మనసొప్పని జనం. మిగిలిన ఒక్క శాతాన్ని నమ్ముకునే ఇన్ని అంతస్తులు లేపారా? అంత అమాయకులు రియల్ ఎస్టేట్‌లో ఉండరు. ‘వెజ్జేనా?’ అన్న ప్రశ్న కింద నోరు తెరిచి అడగలేని ప్రశ్న ఒకటుంది: ‘మీరేమిట్లు?’ కులం అడగడానికి సిగ్గుపడి కూర అడుగుతున్నారు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది 1950లో. అది ఇప్పుడు వంటింటి కిటికీలోంచి మళ్లీ దూరుతోంది. దీనికి ఆచారమని పేరు పెట్టడం పచ్చి మోసం.

‘ఇల్లు మాది, వాసన పడదు’ అంటారు. ఒకే వంటిల్లు పంచుకుంటే ఆ మాటలో న్యాయముంది, ఒప్పుకుంటాను. వేరే వాకిలి, వేరే పొయ్యి ఉన్న మూడో అంతస్తు సంగతేమిటి? పోపులో మాడిన ఎండుమిర్చి ఘాటుకు మెట్లమీద వాళ్లంతా తుమ్మినా ఎవరినీ ఖాళీ చేయించరు కదా! ముక్కుకు లేని పట్టింపు మనసుకుందన్నమాట. ‘చట్టం మమ్మల్ని ఆపట్లేదుగా’ అనేవాళ్లూ ఉన్నారు. చట్టం ఆపనిదల్లా మర్యాదైతే ఇక మడి ఎందుకు?

బ్యాచిలర్లు వద్దన్నదీ ఈ మడి కొంగే. 2008 నుంచి రాత్రీపగలూ విమానాలు దిగే చోట, డ్యూటీ ముగించుకుని తెల్లవారుజామున వచ్చే అమ్మాయి నడవడికకు గేటు దగ్గర పరీక్ష! ఎయిర్‌పోర్టు జీతాలు ఇటు వస్తాయనే కదా పోర్షన్లు కట్టింది?

ఓనరుగారూ, మీ ఉపవాసాలు మీరుండండి, దండం పెడతాం. బోర్డు మీద అద్దెంత, అడ్వాన్సెంత, మంజీరా నీళ్లొస్తాయా లేదా, అది రాయండి. గిన్నెలో ఏముందో మీకనవసరం.