గోడ లేని చోట గుమ్మటం: సటీకా తాత్పర్యము

అవతారిక: హిందూపురం ఫోటోగ్రాఫరొకడు పెండ్లి జంటను పెనుకొండ కొండ కిందికి ప్రీవెడ్డింగ్ షూట్‌కు తీసుకుపోయాడు. పెళ్లికూతురు కట్టింది ధర్మవరం పట్టు. నడినెత్తిన ఎండ, కళ్ల కింద నీడ. ఫ్లాష్ కొడితే నీడ పోతుంది గానీ జరీ తెల్లగా మండిపోతుంది. "న్నా, ఆ తెల్ల డబ్బా తగిలిస్తే మెత్తగా రాదా?" అని శిష్యుడు అడగ్గా గురువు చెప్పిన ఆటవెలది ఇది.

గోడ లేని చోట గుమ్మటంబేలరా?
గొడుగు నిలుచునెట్లు గుట్టగాలి?
తెల్లగుడ్డ పట్టి దీపమున్ దరిజేర్చి
తీయ పట్టుచీర తేట నిలుచు.

టీక: గోడ లేని చోట = ఆరుబయట; గుమ్మటంబు = ఫ్లాష్ తలకు తొడిగే ప్లాస్టిక్ డబ్బా; ఏలరా = ఎందుకురా; గొడుగు = అంబ్రెల్లా; గుట్టగాలి = గుట్టల మీది గాలికి (విభక్తి ఏదని అడగరాదు, గాలికే పోయింది); నిలుచునెట్లు = ఎట్లా నిలబడుతుంది; తెల్లగుడ్డ పట్టి = సాఫ్ట్‌బాక్స్ బట్టను అడ్డుపెట్టి; దీపమున్ = ఫ్లాష్‌ను; దరిజేర్చి = కెమెరా మీంచి దించి మనిషి దగ్గరికి తెచ్చి; తీయ = ఫోటో తీస్తే; పట్టుచీర తేట = జరీ పోగు పోగూ కనబడటం; నిలుచు = దక్కుతుంది.

తాత్పర్యం: వెలుగు మెత్తబడేది మనిషి కంటికి అది ఎంత పెద్దగా కనిపిస్తుందన్న దాన్ని బట్టే గానీ, అడ్డుపెట్టిన వస్తువు ఖరీదును బట్టి కాదు.

విశేషాలు: గుమ్మట మతస్థుల వాదం: "కల్యాణ మండపంలో బాగా వచ్చింది కదా?" వచ్చింది. అక్కడ డబ్బా వెలుగును నలుదిక్కులా చిమ్మితే గోడలూ పైకప్పూ తిప్పి పంపాయి. పెనుకొండలో పైకప్పు ఆకాశం. పోయిన వెలుగు తిరిగి రాదు. మిగిలేది బ్యాటరీ ఖర్చు.

గొడుగు మతస్థులు సగం ఒప్పే. గొడుగు పెద్దది, వెలుగు మెత్తనిది. కానీ రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే నాటలేదు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధానిగా ఆశ్రయమిచ్చిన పెనుకొండ, అంబ్రెల్లాకు మాత్రం ఆశ్రయమివ్వదు.

'దరిజేర్చి' అన్నది పద్యానికి ప్రాణం. మూడడుగుల దూరం ఆరడుగులైతే వెలుగు సగం కాదు, పావే మిగులుతుంది. పైగా సాఫ్ట్‌బాక్స్ చిన్నదై నీడ అంచు గట్టిపడుతుంది. జరీ అద్దం జాతిది. చిన్న దీపం దాని మీద చుక్కలా మండుతుంది, పెద్ద దీపం అంచు పొడవునా పరుచుకుంటుంది. ఎండలో షట్టర్ 1/250 దాటించి హైస్పీడ్ సింక్ పెడితే ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది గనుక దగ్గరితనం మరీ అవసరం.

'తెల్ల' అనడంలో ఔచిత్యం: పసుపంటిన పెళ్లి పంచె అడ్డం పెడితే వరుడి ముఖం కూడా నలుగు పెట్టినట్టు వస్తుంది.

ఫలశ్రుతి: ఇది విన్నవాడు డబ్బా కొనే డబ్బు సాఫ్ట్‌బాక్స్ పట్టుకునే కుర్రాడి కూలికిస్తాడు. వాడి ఆల్బమ్ తిరగేసిన అత్తగారు జరీ చూసి చీర ఖరీదు చెప్పగలుగుతుంది.