ఎయిరోటర్ అలక

జనగామలో పని మొదలుపెట్టి, మానుకోటలో చేతులు మారి, ఇప్పుడు భూపాలపల్లిలో ఓ పండ్ల డాక్టరు డ్రాయర్‌లో పడున్న, పన్ను తొలిచే ఎయిరోటర్ తన కథ చెప్పుకుంటే, పుట్టుక గురించి రెండు ముక్కలే ఉంటాయి. గాలి టర్బైన్‌తో నిమిషానికి మూడు లక్షల చుట్లు తిరిగే దాని జాతి 1957లో మార్కెట్లోకి వచ్చింది. అంతే. దాని అలకంతా స్నానం దగ్గరే.

డాక్టరు పెడల్ మీంచి కాలు తీయగానే టర్బైన్ ఠక్కున ఆగదు. ఆగేలోగా రోగి నోట్లోని ఉమ్మిని, నెత్తుటిని కాస్త లోపలికి పీల్చుకుంటుంది. పైపైన స్పిరిటు దూదితో తుడిస్తే లోపలిది పోదు, తర్వాతి వాళ్ల నోట్లోకి నీళ్లతో పాటు జారొచ్చు. అందుకే ఒకరికి వాడాక వేడితో శుద్ధి చేయనిదే ఇంకొకరికి వాడొద్దని అమెరికా సీడీసీ 1993లోనే చెప్పింది. అంటే నూనె పట్టించి, పౌచ్‌లో పెట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి. జనగామ రోజుల్లో ఆ భోగం రాత్రిపూటే దక్కేది. పగలంతా దూదే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. నిన్నటిదాకా క్లినిక్‌ను పోషించిన ఎయిరోటర్ రాత్రికి రాత్రే నేరస్థురాలైంది. అది చిమ్మే తుంపరల్లో వైరస్ తేలుతుందని భయం. మే 19న కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు వచ్చాయి: అత్యవసరమైతేనే వైద్యం, రబ్బరు డ్యామ్, గట్టిగా లాగే సక్షన్, ఉమ్మిని వెనక్కి లాగని హ్యాండ్‌పీసులు. మానుకోటలో ఆ కొన్ని నెలలూ దానికి ప్రతి రోగి తర్వాతా ఆవిరే. పీపీఈ కిట్‌లో చెమటోడుతున్న డాక్టరు మీద జాలి కూడా పడింది.

మాస్కులు గడ్డం కిందికి జారాక దూది మళ్లీ బయటికొచ్చింది. మాటిమాటికీ ఆవిరికి పెడితే బేరింగులు పోతాయి, ఒక వాయి దిగి ఆరేసరికి గంట దగ్గర పడుతుంది, ఉన్నవి రెండే, బయట బెంచీ నిండా జనం. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఇంకో రెండు కొంటే తీరే కష్టం. "ఏం గాదులే సార్, తుడిచినం గదా" అనేవాడు కాంపౌండర్.

ఏం గాదా? కుప్పానికి అట్టే దూరం లేని తమిళనాడు వాణియంబాడిలో, 2022–23లో, ఒక దంత క్లినిక్‌కు వెళ్లిన పదిమందికి మెదడుకు పాకే మెలియాయిడోసిస్ అనే జబ్బు సోకింది. ఎనిమిది మంది చనిపోయారు. అక్కడ తప్పు ఎయిరోటర్‌ది కాదు. సరిగా శుద్ధి చేయని పరికరంతో సెలైన్ సీసా తెరిచి, వదులుగా మూసి, మళ్లీ వాడడమే కారణమని పరిశోధకులు తేల్చారు.

భూపాలపల్లికి వచ్చేసరికి బేరింగులు నిజంగానే అరిగాయి. ఓ బొగ్గుబాయి కార్మికుడి దవడ పన్ను తొలుస్తుండగా కీచుమని మొరాయించింది. లోపలి కార్ట్రిడ్జ్ మార్చితే సరిపోయేది. ఎవరు మారుస్తారు? కడగనైనా కడగకుండా పాత రసీదులు, అతుక్కుపోయిన గ్లౌజుల మధ్యకు విసిరారు. డ్రాయర్ తెరుచుకున్న ప్రతిసారీ ఆశపడుతుంది. వెతికేది పెన్ను కోసం.

దాని చోట్లోకి వెనక్కి లాగని వాల్వున్న కొత్తది వచ్చింది. వాల్వుంది కదా, దీనికి ఆవిరెందుకని కాంపౌండర్ దూది తీశాడు. వాల్వులూ అరుగుతాయని పాతదానికి తెలుసు.