వైర్‌లెస్ మౌస్ కొనేవాళ్లకు తలకిందుల సలహాలు

ఈ సలహాలు గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూల్‌లో గానీ ఏ కంప్యూటర్ షాపులో చెప్పినా ముందు అడ్డంగా తలూపుతారు. ఊపనివ్వండి. రోజంతా మౌస్ పట్టుకుని బతికేవాళ్ల చెయ్యి, వాళ్ల ఎదుట లైన్లో నిలబడ్డవాళ్ల పని, రెండూ ఆ మౌస్ మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి చెప్పక తప్పదు.

మొదటి సలహా: ఏ మౌస్ మంచిదని ఎవర్నీ అడగొద్దు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ గురించి మూడు ఊళ్లలో మూడు మాటలు వినిపిస్తాయి. గద్వాలలో చీరల డిజైన్లు గీసే తమ్ముడు "మస్తుగుందన్నా, చెయ్యి నొప్పే లేదు" అంటాడు. వనపర్తిలో జిరాక్స్ సెంటరాయన "బాణం ఒక్క తాన నిలవడదు, దుంకుతది" అంటాడు. నాగర్‌కర్నూల్‌లో మీసేవ కౌంటర్లో కూర్చునే చెల్లె "ఉట్టిగున్నప్పుడు బాగనే ఉంటది సార్, పెన్‌డ్రైవ్ పెడితే ఆగి ఆగి నడుస్తది" అంటుంది. ముగ్గురూ నిజమే చెప్తున్నారు. తమ్ముడు మౌస్ కింద నోట్‌బుక్ అట్ట వేసుకున్నాడు. జిరాక్స్ ఆయనది గాజు బల్ల. చెల్లె వాడే డాంగిల్, అంటే మౌస్ సంకేతాలు అందుకునే చిన్న రిసీవర్, సీపీయూ వెనకాల గోడవైపు దూరిపోయి ఉంది. అందుకే ఎవరైనా మౌస్ గురించి మాట చెప్తే, "నీ బల్ల ఎట్లాంటిది? డాంగిల్ ఎక్కడ పెట్టినవ్?" అని అడగండి. జవాబు అక్కడ దొరుకుతుంది.

ఆన్‌లైన్లో అయిదు చుక్కలు ఇచ్చినవాళ్ల మాట అసలు చదవొద్దు. డబ్బా విప్పిన సాయంత్రమే చుక్కలు ఇచ్చేస్తారు. మౌస్‌కు వచ్చే అసలు జబ్బులు, అంటే ఒక నొక్కుకు రెండు నొక్కులు పడటం, చక్రం కిందికి తిప్పితే పైకి ఎగరడం, పక్కల రబ్బరు జిగటగా మారడం, ఇవన్నీ మన పాలమూరు ఎండాకాలం ఒకటైనా దాటాకే బయటపడతాయి. మూడు చుక్కలు ఇచ్చినవాళ్లను చదవండి. వాళ్లు చాలాకాలం వాడి ఉంటారు, మంచీ చెడూ రెండూ చెప్తారు. ఇంకో మాట, చేతికి మెత్తగా తగిలే రబ్బరు పూత మౌస్ షాపులో ఎంత నచ్చినా వదిలేయండి. వేడికీ చెమటకూ ముందు పాడయ్యేది ఆ పూతే. గట్టి ప్లాస్టిక్‌దే తెచ్చుకోండి.

ఇప్పుడు అందరూ వింతగా చూసే సలహా. వైర్ లేని మౌస్ కొన్నరోజే దానికో వైర్ కొనండి.

ఎందుకంటారా? తొలి మౌస్‌కు తోక, అంటే వైర్, ఉండేది. 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా బిల్ ఇంగ్లిష్ చేసిన చెక్క పెట్టె అది. తోక తీసేసిన తొలి ప్రయత్నం 1984లో లాజిటెక్ చేసింది. టీవీ రిమోట్ లాగే పరారుణ కిరణాలతో నడిచేది కాబట్టి మౌస్‌కూ రిసీవర్‌కూ మధ్య ఏ అడ్డమూ ఉండకూడదు. 1991లో అదే కంపెనీ రేడియో తరంగాలతో నడిచే మౌస్ తెచ్చింది. అప్పట్నుంచి డాంగిల్‌ను ఎక్కడ దాచినా పర్వాలేదన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. ఆ నమ్మకమే తప్పు. ఇప్పటి డాంగిల్ 2.4 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంది. వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే ఉంటాయి. దానికి తోడు కంప్యూటర్‌కు ఉండే నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టు పనిచేస్తున్నప్పుడు అదే తరంగాల్లో గోల పుట్టిస్తుంది. ఈ సంగతి 2012లో ఇంటెల్ కంపెనీయే ఒక పత్రంలో వివరించింది. నాగర్‌కర్నూల్ చెల్లె మాట సరైందే. పెన్‌డ్రైవ్ నీలం పోర్టులో ఉంది, దాని పక్క పోర్టులోనే డాంగిల్ ఉంది, మధ్యలో ఇనుప డబ్బా, దానికి అటు ఇనుప బల్ల.

అందుకని మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైర్ ఒకటి తెచ్చి, నల్ల పోర్టులో పెట్టి, దాని కొసకు డాంగిల్ తగిలించి బల్ల మీదికి లాగండి. మౌస్‌కు జానెడు దూరంలో ఉంటే చాలు. "వైర్ వద్దనే కదన్నా వైర్‌లెస్ తెచ్చుకున్నది" అంటారు. చెయ్యికి తగిలే వైర్ వద్దనుకున్నారు, ఈ వైర్ చెయ్యికి తగలదు. మౌస్ పాడైందని మూలకు పడేసినవాటిలో ఎన్నో ఈ ఒక్క పనితో లేచి నడుస్తాయి.

మెరిసే మౌస్ ప్యాడ్ తీసి పక్కన పెట్టి, పిల్లల పుస్తకాలకు వేసే ఖాకీ అట్ట కాగితం పరచండి. మౌస్ కడుపులో చిన్న కెమెరా ఉంటుంది. కింద వెలుతురు వేసుకుని సెకనుకు వందలూ వేలూ ఫొటోలు తీసి, ముందటి ఫొటోకూ తర్వాతదానికీ తేడా చూసి ఎటు జరిగామో లెక్కేస్తుంది. దానికి గరుకు కావాలి. కాగితం పీచు మన కంటికి కనపడకపోయినా దానికి కనపడుతుంది. గాజులో ఏమీ దొరకదు. జిరాక్స్ సెంటర్ బల్ల చూడండి: గాజు కింద దేవుడి పటం, రేట్ల కాగితం, ఎవరో మరిచిపోయిన పాస్‌పోర్ట్ ఫొటో. గాజు మందం వల్ల ఆ కెమెరాకు ఇవేవీ తేటగా ఆనవు, బాణం దుంకుతుంది. నున్నగా పాలిష్ పట్టిన గ్రానైట్ కూడా ఇంతే. అట్ట కాగితం మురికైతే పారేసి కొత్తది వేయండి. ఖరీదైన ప్యాడ్‌ను అట్లా పారేయలేం, యాసంగిలో వేరుశనగ వచ్చే రోజుల్లో మార్కెట్ యార్డు దుమ్మంతా దాని మీదే పేరుకుంటుంది.

చార్జింగ్ మౌస్ కంటే బ్యాటరీ వేసే మౌసే మేలు. రాత్రి పనిలో చార్జింగ్ అయిపోతే పని ఆగుతుంది. పెన్సిల్ సెల్ అయితే వీధి చివర కిరాణా కొట్టులో దొరుకుతుంది. చార్జ్ చేసుకునే సెల్ వేసినా నడుస్తుంది. అది 1.2 వోల్టులే ఇస్తుంది కాబట్టి బ్యాటరీ తక్కువుందని హెచ్చరిక ముందే రావచ్చు, కంగారు పడొద్దు. కాలేజీలకు ఎండాకాలం సెలవులిచ్చే ముందు ల్యాబుల్లో మౌసులన్నిటి సెల్స్ తీసేయాలి. తీయకపోతే జూన్‌లో మూత తెరిచేసరికి స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. ఆల్కలైన్ సెల్ కారినప్పుడు వచ్చేది క్షారం. దూదిపుల్లకు రెండు చుక్కల నిమ్మరసం అద్ది తుడిస్తే పోతుంది, తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాలి. పొడిని వేళ్లతో ముట్టుకోవద్దు.

డీపీఐ, అంటే చెయ్యి అంగుళం జరిగితే బాణం ఎంత దూరం పోతుందన్న లెక్క, ఎక్కువున్న మౌస్ కోసం డబ్బు పెట్టకండి. గద్వాల చీరకు కాటన్ ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు జోడిస్తారు. ఆ అంచుకు జకార్డ్ డిజైన్ కంప్యూటర్లో గీసేటప్పుడు గళ్ల కాగితం లాంటి తెర మీద ఒక్కో గడి నింపాలి. ఒక గడి తప్పితే మగ్గం మీద ఆ తప్పు పువ్వు పువ్వుకూ తిరిగి వస్తుంది. అక్కడ పరుగెత్తే బాణం అక్కర్లేదు, వేయి డీపీఐ చాలు. విండోస్ మౌస్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అని ఉంటుంది, దాని టిక్ తీసేయండి. అది ఉంటే చెయ్యి జోరు పెరిగేకొద్దీ బాణం ఇంకా ఎక్కువ దూరం పోతుంది. తీసేస్తే చెయ్యి ఎంత జరిగితే బాణం ఆ కొలతకే జరుగుతుంది. గడి మీద గడి పెట్టేవాళ్లకు ఇదే కావాలి.

నేను ఎవరితోనైనా వాదించేందుకు సిద్ధపడే సలహా ఇంకొకటుంది. జనం డబ్బు, జనం భూమి కదిలే కౌంటర్లో వైర్‌లెస్ మౌస్ పెట్టకండి, ఎవరైనా ఉచితంగా ఇచ్చినా సరే. జనం పని కంప్యూటర్ మీదికి ఎట్లా చేరిందో చూడండి. 2011లో మీసేవ వచ్చింది. 2016 అక్టోబర్ 11న మన మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. 2020లో ధరణి పోర్టల్‌తో సాగుభూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసుకు చేరింది, 2025లో దాని చోట భూభారతి వచ్చింది. ఒక రైతు పొలం పేరు మారేది ఒక్క నొక్కుతో. 2016లోనే బాస్టిల్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు చాలా కంపెనీల వైర్‌లెస్ మౌస్ డాంగిళ్లలో ఒక లోపం పట్టుకున్నారు. మౌస్ పంపే సంకేతాలకు తాళం లేకపోవడంతో దాదాపు వంద మీటర్ల దూరం నుంచి వేరొకరు దొంగ కీబోర్డు నొక్కులు పంపగలరని చూపించారు. తర్వాత కొన్ని కంపెనీలు మరమ్మతులిచ్చాయి గానీ, పాత డాంగిళ్లు వెతికి ఎవరు సరిచేశారు? వంద మీటర్లంటే ఆఫీసు గేటు అవతల టీకొట్టు దాకా. అక్కడ తోక మౌసే ఉండనివ్వండి.

అదే కౌంటర్లో, తోక ఉన్నా లేకున్నా, మౌస్‌కు రెండు నొక్కుల జబ్బు వచ్చిన రోజే దాన్ని పక్కన పెట్టండి. పరీక్ష తేలిక. తెర మీద ఏదైనా ఫోల్డర్‌ను మెల్లగా ఒక్కసారి నొక్కండి. ఒక్క నొక్కుకే తెరుచుకుంటే జబ్బు ఉన్నట్టే. ఫీజు కట్టే బటన్ మీద రెండు నొక్కులు పడితే ఏమవుతుందో కట్టేవాళ్లనడగండి. నేలకేసి కొట్టి సరిచేసే అలవాటు మానండి, లోపల సన్నటి రాగి రేకు అరిగింది, కొడితే అతకదు.

డాంగిల్ మీద నారింజ రంగు నక్షత్రంలాంటి గుర్తు ఉంటే మౌస్ పోయినా దాన్ని దాచుకోండి. అదే గుర్తున్న ఇంకో మౌస్‌ను దానికి జత చేసుకోవచ్చు, ఆరు పరికరాల దాకా పడతాయి.

కొనడానికి పోయేటప్పుడు మీ బల్ల మీద వేసే అట్ట ముక్కను వెంట పట్టుకుపోండి. షాపాయన తన ప్యాడ్ మీద నడిపి చూపిస్తాడు, మీరు మీ అట్ట మీద నడపమనండి. నీలం పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టించి పెద్ద ఫైలు కాపీ అవుతుండగా బాణం తిప్పి చూడండి. ధర దగ్గర బేరమాడకండి, అంత ధరకే ఎక్స్‌టెన్షన్ వైర్ ఇమ్మనండి.