పందెంకోడికి గురువున్నాడు, 108కి మేనేజరున్నాడు

సంక్రాంతి పుంజుకి మా భీమవరం చుట్టుపక్కల జరిగే చాకిరీ చూసినవాళ్లకి శిక్షణ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదండి. నెలల ముందే మేత మారిపోతుంది. జీడిపప్పు, బాదం, ఉడకబెట్టిన గుడ్డు, మటన్ కైమా. పొద్దున్నే చెరువులో ఈత, ఆపైన వేడినీళ్ల కాపడం. ఏ రోజు ఏ రంగు పుంజుని ఏ దిక్కునుంచి వదలాలో కుక్కుటశాస్త్రం తిరగేసి చెప్పే పెద్దాయన ఒకరుంటారు. కాలికి కత్తి కట్టడానికి వేరే మనిషి. బరిలో దెబ్బ తగిలిన కోడిని చేతుల్లోకి తీసుకుని, మళ్లీ నిలబడుతుందో లేదో చిటికెలో తేల్చేవాడు ఇంకొకడు. ఓడిపోయిందా, "మేపిందెవడ్రా?" అని కేక పడుతుంది. తలొంచుకుని జవాబు చెప్పుకోవాల్సిన మనిషి అక్కడే ఉంటాడు.

సరే, అదే భీమవరంలో రొయ్యల చెరువు గట్టుమీద ఏరియేటరు వైరు తగిలి పడిపోయిన కుర్రాణ్ణి 108 ఎక్కించుకెళ్లిందనుకోండి. బండిలో ఛాతీ నొక్కడం ఎప్పుడు మొదలెట్టారు? మధ్యలో ఎంతసేపు ఆపారు? ఆ నొక్కుడు గుండెదాకా వెళ్లిందా, పక్కటెముకల దగ్గరే ఆగిందా? మర్నాడు కూర్చుని ఇవన్నీ అడిగిన డాక్టరెవరు? అడిగి చూడండి. బండి ఎన్ని నిమిషాల్లో వచ్చిందో మాత్రం ఠక్కున చెప్తారు. జీపీఎస్ ఉంది కదండీ.

పట్నంలో 15 నిమిషాలు, పల్లెలో 20, ఏజెన్సీలో 30. ఇదీ మన కొలత. మంచి కొలతే, కాదన్నవాడికి కళ్లు పోతాయి. చిక్కల్లా రోగి బండెక్కగానే ఆ గడియారం ఆగిపోవడంలోనే ఉంది. అసలు వైద్యం మొదలయ్యే చోట లెక్కల పుస్తకం మూసేస్తారు. దింపిన దగ్గర మళ్లీ తెరిచి కిలోమీటర్లు రాసుకుంటారు. కొబ్బరికాయల లారీకి కూడా ఇంతకన్నా ఎక్కువ లెక్కుంటుంది, దారిలో ఎన్ని పగిలాయో రాస్తారు.

108 పుట్టింది 2005 ఆగస్టు 15న, హైదరాబాదులో. పెట్టింది సత్యం రామలింగరాజుగారు, భీమవరం వైపు మనిషే. 2009 జనవరిలో ఆయన కంపెనీ లెక్కలు బయటపడ్డాక జీవీకే వాళ్లొచ్చారు. 2017 చివర్లో బీవీజీ. 2020 జూలై 1న విజయవాడ బెంజ్ సర్కిల్లో 108, 104 కలిపి 1,088 బండ్లు బారులు తీరి జెండా ఊపించుకున్నప్పటికి అరబిందో ఫౌండేషన్. యజమాని మారిన ప్రతిసారీ అసెంబ్లీలో, పత్రికల్లో, టీకొట్టు దగ్గర నడిచిన చర్చ ఒక్కటే: బండికి నెలకెంత? దాని తరువాతి చర్చ, బండికి ఏ రంగు? లోపలున్నవాడి చేతికి ఏ పాటి పనొచ్చు అన్న చర్చ మాత్రం ఇంకా వరసలో నిలబడే ఉంది. దానికి టోకెన్ ఇచ్చినవాడు లేడు.

పాపం, మొదట్లో ఆ బుద్ధి పుట్టకపోలేదు. కాల్ సెంటర్లో డాక్టర్ని కూర్చోబెట్టారు, బండిలో రోగిని చూసుకునే ఈఎంటీ ఫోన్ చేసి అడిగితే ఏ మందు ఇవ్వాలో చెప్పడానికి. 2007లో స్టాన్‌ఫర్డ్ వాళ్లతో కలిసి రెండేళ్ల పారామెడిక్ కోర్సు కూడా మొదలుపెట్టారు. రెండేళ్ల చదువు కొద్దిమందికి దక్కింది, మిగతావాళ్లకి వారాల లెక్కన శిక్షణ. ఆ వారాలు అయ్యాక యూనిఫాం, బూట్లు, దండం.

ఆ వారాల శిక్షణ ఏ మూలకొస్తుందో కట్లపాము కాటు దగ్గర చూద్దాం. వరిచేల పక్కన ఇళ్లలో, నేలమీద చాప వేసుకు పడుకున్నవాళ్లని అర్ధరాత్రి కాటేసి పోతుంది. మంట ఉండదు, వాపు ఉండదు. తెల్లారగట్ల కడుపునొప్పి అంటారు, తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఆపైన ఊపిరి ఆగుతుంది. విరుగుడు మందు పడినా ఒకసారి చచ్చుబడిన కండరాలు వెంటనే లేవవు. ఆ మనిషిని బతికించేది ఊపిరే. అంబూ బ్యాగు పట్టుకుని, ఒక చేత్తో దవడ ఎత్తి మాస్కు గాలి పోకుండా అదిమిపెట్టి, రెండో చేత్తో సంచి నొక్కుతూ, లంకలో గట్టుదారి నుంచి కాకినాడ పెద్దాసుపత్రి దాకా ఆపకుండా చెయ్యాలి. పైలట్, అంటే 108 డ్రైవరు, ముందు సీట్లో ఉంటాడు, వెనక ఉన్నది ఒక్కడే. గుంతలో పడ్డ ప్రతిసారీ మాస్కు జారుతుంది. ఈ విద్య వాడకపోతే నెలల్లోనే చేతికి దూరమవుతుంది. దాన్ని ఏడాదికోసారి బొమ్మమీద పరీక్షించి, తప్పు పట్టి, మళ్లీ నేర్పే గురువెవరు? జిల్లాకో మేనేజరున్నారు. ఆయన్ని అడిగితే టైర్ల అరుగుదల చెప్తారు. అది ఆయన ఉద్యోగం, ఆయన్ననడం లేదు.

కోనసీమలో అయితే కొబ్బరిచెట్టు. దింపు తీసే మనిషి పైనుంచి పడ్డాడంటే చుట్టూ చేరినవాళ్లు చేసే మొదటి పని చంకల్లో చేతులేసి లేపి కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించడం. మెడ ఎముక అప్పటిదాకా విరగకపోతే అప్పుడు విరుగుతుంది. 108 కుర్రాడొచ్చి "ఆగండి బాబాయ్, కదపకండి, బల్ల తెస్తున్నా" అంటే జనం వింటారా? "నువ్వేమన్నా డాక్టరువా? ఎత్తరా ముందు!" అంటారు. ఆ కుర్రాడి వెనక నిలబడి "వాడు చెప్పిందే నా మాట" అనే డాక్టరు ఒకడుంటే కుర్రాడి గొంతు పెరిగేది. వాడి వెనక ఉన్నది డీజిల్ ఖాతా.

ఇదేదో మన దౌర్భాగ్యం మాత్రమే అనుకోకండి. 1966 నాటికి అమెరికాలో అంబులెన్సుల్లో సగం దాకా శవాలు మోసే దుకాణాల వాళ్లే నడిపేవారు. మరుసటేడాది పిట్స్‌బర్గ్‌లో, పనీపాటా దొరకని నల్లజాతి కుర్రాళ్లని చేరదీసి ఫ్రీడమ్ హౌస్ అనే అంబులెన్సు సంస్థ మొదలైంది. నోట్లో నోరు పెట్టి ఊపిరి పోయడం లోకానికి నేర్పిన పీటర్ సఫార్ వాళ్లకి పాఠం చెప్పాడు. తరువాత నాన్సీ కరోలిన్ అనే డాక్టరమ్మ వాళ్లకి వైద్య దర్శకురాలై, స్వయంగా బండెక్కి తిరిగింది. ఆ దేశంలో ఇవాళ పారామెడిక్ సూది గుచ్చితే ఒక డాక్టరు పూచీ మీద గుచ్చుతాడు. తప్పు జరిగితే ఆ డాక్టరు కూడా నిద్రపోడు. మన దగ్గరా శవాల బండి, అంబులెన్సు కలిసే ఉన్నాయి లెండి, ఒకే వ్యానులో. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. సర్కారు ఆసుపత్రి గేటు బయట మారుతీ వ్యానులో సిలిండరు ఒకటి కట్టి, వెనక అద్దం మీద ఎర్ర ప్లస్సు అంటిస్తే పని అయిపోతుంది. అక్కడ వైద్య దర్శకుడు డ్రైవరన్నే. "కాకినాడెందుకు బాబాయ్, నాకు తెలిసిన ఆసుపత్రుంది" అని రోగిని ఎటు తీసుకెళ్లాలో తేల్చేదీ ఆయనే, ఏ ఆసుపత్రి కమీషనెంతో తెలిసిందీ ఆయనకే.

చట్టాలకు కొదవ లేదండి. అంబులెన్సు బండి కొలతలకీ స్ట్రెచరుకీ సైరనుకీ కేంద్రం 2016లోనే నియమావళి రాసింది. లోపలి మనిషిని వృత్తి నిపుణుడిగా గుర్తించే చట్టం 2021లో వచ్చింది. కూత ముందు, మనిషి వెనక. వరస సరిగ్గానే ఉంది. రాజమహేంద్రవరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, కాకినాడ రంగరాయ 1958 నాటిది. ఈ రెండింటిలోంచి ఇద్దరు డాక్టర్లని వారానికో రోజు ఈఎంటీల మధ్య కూర్చోబెట్టి, పోయిన కేసుల కాగితాలు ముందేసుకుని "ఇక్కడ ఏం చేశావు, ఎందుకు చేశావు?" అని అడిగిస్తే అయ్యే ఖర్చు ఒక జెండా ఊపుడు సభకి కట్టే షామియానా అద్దె. ఆ షామియానా కింద ఫోటో వస్తుంది, ఈ కాగితాల దగ్గర రాదు. అంతేనండి తేడా.

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. 2015 జూలై 14న, మొదటిరోజే, రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది పోయారు. కిక్కిరిసిన జనంలో ఊపిరాడక పడిపోయినవాళ్లకి అక్కడికక్కడే చెయ్యాల్సిందే వైద్యం, వీధి చివర బండి నిలబెట్టి లాభం లేదు. ఈసారి సమీక్షా సమావేశంలో ఘాట్‌కి ఎన్ని అంబులెన్సులో అంకె చదువుతారు, బల్లలు చరుస్తారు. చప్పట్లయ్యాక ఎవరైనా లేచి ఒక్క మాట అడగండి: ఇరవైమంది ఒక్కసారి పడిపోతే ముందు ఎవర్ని చూడాలో ఘాట్ మెట్లమీద నిలబడి చెప్పే డాక్టరెవరు, ఆయన ఈ కుర్రాళ్లతో ఇప్పటికి ఎన్నిసార్లు కసరత్తు చేయించాడు? కలెక్టరుగారు డీఎంహెచ్‌ఓగారి వైపు చూస్తారు. డీఎంహెచ్‌ఓగారు 108 మేనేజరు వైపు. మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డ పైలట్ వైపు చూస్తారు. పైలట్ సెల్యూట్ కొట్టి చెప్తాడు:

"ట్యాంకు ఫుల్లండి, ఆయ్!"